నాలుగు తాళాల బండి

రండమ్మా, రండి నాయనా. గోడకి చేరగిలబడ్డవాళ్ళు కూడా ఇంకాస్త ముందుకి జరగండి. చెప్పులు బయట వదిలి, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని గుమ్మం వైపే చూస్తున్నవాళ్ళు మరీ దగ్గరికి రండి. ఈ కథ ముఖ్యంగా మీకోసమే.

నల్లమల కొండలు మొదలయ్యే చోట, గుండ్లకమ్మ ఒడ్డున, దానయ్యగారనే గురువు ఉండేవారు. ముందు మగ్గం నేసి, తరువాత మఠం పట్టిన మనిషి. శిష్యుడు ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని పురమాయించేవారు. మోక్షమంటే ఏమిటని అడిగినవాణ్ణి బావిలో పడ్డ చేద తీయమన్నారట. వాడు అరపూట తంటాలుపడి చేదైతే తీశాడు గాని, మోక్షం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ మఠానికి గురువారం గురువారం చెన్నకేశవులని ఒక శిష్యుడు వచ్చేవాడు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. తెల్లారేసరికి మోటారుసైకిలెక్కి ఊరూరా తిరిగి గేదెలకీ ఆవులకీ సూదిమందు వేసేవాడు. మనిషి చెడ్డవాడు కాదమ్మా. ఈనలేక మూలిగే గేదె దగ్గర పూటంతా కూర్చోగలడు. కానీ భజనలో అందరూ కళ్ళు మూసుకుంటే తను మాత్రం తెరిచే ఉంచేవాడు. కిటికీలోంచి బండి కనిపించే చోటే కూర్చునేవాడు.

ఆ బండి సంగతి చెప్పాలి. పాతది కొని తనకి నచ్చినట్టు చేయించుకున్నాడు. గతుకుల బాటకని సీటు కింద రెండు వరసల దూది కుట్టించాడు. పక్కన మందులకి ఇనుప పెట్టె బిగించాడు. ఆదివారం వస్తే చైనుకి గ్రీజు పెట్టి, ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్ది, బండిని కడిగేవాడు. కడిగే తీరు చూస్తే ఇంట్లో దేవుడికి అభిషేకం జరుగుతోందనుకోవాలి. అంతవరకూ బాగానే ఉంది. వెనకాల ఎవరు వస్తున్నారోనని రెండు అద్దాలు చాలక నాలుగు పెట్టించాడు. హ్యాండిలుకి ఒక తాళం, చక్రానికి గొలుసూ తాళం, మందుల పెట్టెకి ఒకటి, పెట్రోలు మూతకి ఒకటి. ఆ మూత మీద రెక్జిను తొడుగు. ఇవి చాలక, మెకానిక్కులు మంచి సామాను ఊడబీకి నాసిరకం బిగిస్తారని ఎవరో చెప్పగా విని, ఆవుల చెవిబిళ్ళల మీద అంకెలు రాసే నల్ల పెన్నుతో బండిలో ప్రతి సామాను మీదా ఒక చిన్న ‘చె’ రాసుకున్నాడు.

ఒక గురువారం భజన అయ్యాక అతను గురువుగారి ముందు కూర్చుని అడిగాడు. “సామీ, మనిషిని నమ్మి మోసపోవడం మంచిదా, అనుమానించి భద్రంగా ఉండడం మంచిదా?”

దానయ్యగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, ఇది పుస్తకంలో పుట్టిన ప్రశ్నా, బజారులో పుట్టిందా అని అడిగారు. బజారులోనేనని చెన్నకేశవులు ఒప్పుకుని జరిగినదంతా చెప్పాడు.

నెలరోజులుగా అతని బండి దారిలో ఆగిపోతోంది. ఆరేడు మైళ్ళు గుర్రంలా పోతుంది, ఆ పైన దగ్గి దగ్గి ఆగుతుంది. ఊళ్ళో పాలకేంద్రం ముందు రేకుల షెడ్డులో కాశింవలి అనే మెకానిక్కు ఇరవై రెండేళ్ళుగా పని చేస్తున్నాడు. అతనికి చూపించాడు. కాశింవలి కార్బొరేటరు విప్పి, పెట్రోలుతో కడిగి, బిగించి, వీధి చివరిదాకా నడిపి చూసి, బాగుందన్నాడు. మర్నాడు మళ్ళీ ఆగింది. చెన్నకేశవులు ఇంటికొచ్చి టార్చిలైటు వేసి చూస్తే కార్బొరేటరు మీద ‘చె’ లేదు. ఇంకేముంది, మార్చేశాడు. పాలు పోయడానికి వచ్చిన యాభైమంది ముందు దొంగా అని అరిచాడు. కాశింవలి ప్రమాణం చేశాడు గాని యాభైమంది చెవిలో పడిన మాట ఊరుకుంటుందా? ఆ వారం నుంచి షెడ్డు ముందు ఇంకెవరి బండీ ఆగలేదు. స్థలం పాలకేంద్రానిది. శనివారం ఉదయం పాలు పోసే వేళ పెద్దలు కూర్చుని, కాశింవలిని ఉంచాలా, షెడ్డు ఖాళీ చేయించాలా తేలుస్తారు. చెన్నకేశవులు మాటే సాక్ష్యం. పొమ్మంటే బళ్ళారి పోయి, తనకన్నా చిన్నవాడి షెడ్డులో కూలికి చేరడం తప్ప కాశింవలికి దారి లేదు.

“ఇంకొకటి సామీ,” అన్నాడు చెన్నకేశవులు గొంతు తగ్గించి. “వాడు నన్ను పెట్రోలు మూత తాళంచెవి కూడా అడిగాడు. ఎందుకడిగినట్టు? నేనివ్వలేదు.”

గురువుగారు శనివారం పొద్దున తనని కూడా బండి మీద ఆ పాలకేంద్రానికి తీసుకుపొమ్మన్నారు. చెన్నకేశవులు సరేనన్నాడు గాని ఇంటికి పోతూ దారంతా ఆలోచించాడు. ఎన్నడూ బండెక్కని మనిషి ఇప్పుడెందుకు ఎక్కుతానన్నాడు? కాశింవలి గాని ముందే వచ్చి కాళ్ళ మీద పడ్డాడా?

శనివారం వచ్చింది. మఠం నుంచి పాలకేంద్రం పద్నాలుగు మైళ్ళు. గురువుగారు పంచె ఎగగట్టి వెనక కూర్చున్నారు. చెన్నకేశవులు నాలుగు అద్దాల్లోనూ ఆయన ముఖాన్ని చూసుకుంటూ నడిపాడు. ఆరు మైళ్ళు దాటాక, సజ్జచేల మధ్య, బండి దగ్గి ఆగింది.

అతను కిందకి దూకి చేసిన మొదటి పని ఏమిటో చెప్పుకోండి చూద్దాం. ఇంజను చూడలేదు. తొడుగు విప్పి, మూత తాళం తీసి, జేబులోంచి గీతలు గీసిన ఈనెపుల్ల ట్యాంకులో ముంచి, పెట్రోలు ఎవరైనా తీశారా అని కొలిచాడు. పెట్రోలు ఉన్నంతా ఉంది. మూత పెట్టి, తాళం వేసి, కిక్కు కొడితే బండి లేచింది.

మూత తీసినప్పుడు బుస్సుమని ఒక చప్పుడు వచ్చింది, అదేమిటని గురువుగారు అడిగారు. అది ఎప్పుడూ వచ్చేదేనని అతనన్నాడు. మూత తీసి వేస్తే బండి ప్రతిసారీ లేస్తుందా అని మళ్ళీ అడిగారు. లేస్తుందట. కాశింవలి బిగించిన నాసిరకం కార్బొరేటరు వేడెక్కుతోందని, ఈ కాసేపట్లో చల్లబడుతుందని చెన్నకేశవులు లెక్క. గురువుగారు తమ భుజం మీద కండువా తీసి అతనికిచ్చారు.

“ఈసారి మూత జేబులో పెట్టుకో నాయనా. ట్యాంకు మీద ఈ గుడ్డ కప్పి నడుపు.”

దుమ్ము పడుతుంది, చినుకు పడుతుంది అని అతను గొణిగాడు. గురువు మాట తీసేయలేక అలాగే నడిపాడు. అయిదో మైలు దాటింది, ఆరోది దాటింది, ఏడో మైలూ దాటింది. బండి దగ్గలేదు. పాలకేంద్రం ఇక కూతవేటు దూరంలో ఉంది. ఒక కల్వర్టు దగ్గర చెన్నకేశవులు తనే బండి ఆపాడు.

“వాడు మూతలోనే ఏదో చేశాడు సామీ,” అన్నాడు. అంత జరిగాక కూడా నోట్లోంచి అదే వచ్చింది.

గురువుగారు ఆ మూత అడిగి తీసుకుని ఎండకెత్తి చూశారు. పెట్రోలు మూతకి చిన్న బెజ్జం ఉంటుందమ్మా. లోపల పెట్రోలు తగ్గేకొద్దీ ఆ బెజ్జంలోంచి గాలి పోతుండాలి. గాలి పోకపోతే పెట్రోలు ఇంజనుకి దిగదు. ఆ బెజ్జం నిండా, రాయిలా గట్టిపడిన లప్పం ఉంది.

ఇది ఎవరు పెట్టారని ఆయన అడిగారు.

చెన్నకేశవులు చెప్పాడు. పెట్టింది తనే, నెల క్రితం. మూతకి తాళం వేశాక కూడా బెజ్జం కనిపించింది. సన్నని సూది ఉంటే చాలు, ఎవడైనా అందులోంచి ట్యాంకులోకి నీళ్ళు ఎక్కించగలడని తోచింది. పగలంతా సూదులతో బతికేవాడికి కాక ఇంకెవరికి తోస్తుందమ్మా ఆ ఊహ? అప్పుడే లప్పం పెట్టి, తొడుగు తొడిగి, మరిచిపోయాడు. కాశింవలి తాళంచెవి అడిగింది ఈ మూత చూడడానికే. తాళంచెవి ఇవ్వలేదు గనక అతను వెతకని చోటు బండి మొత్తంలో ఇదొక్కటే.

ఇక మిగిలింది ‘చె’. ట్యాంకు మీద కప్పిన కండువా దారంతా చిమ్మిన పెట్రోలుతో తడిసి చెన్నకేశవులు చేతిలో ఉంది. మూత అంచున కూడా ఒక ‘చె’ ఉంది కదా, దాన్ని ఆ తడిగుడ్డతో తుడిచాడు. నల్లగా గుడ్డకి అంటుకుని, మూత నున్నగా మిగిలింది. కాశింవలి కార్బొరేటరు మార్చలేదు. కడిగాడు, అంతే.

గురువుగారు మందుల పెట్టె వైపు చూసి, గేదెలకి వాడే లావుపాటి సూది తీయమన్నారు. చెన్నకేశవులు కల్వర్టు మీద కూర్చుని ఆ సూదితో లప్పం గీకాడు. గీకగా గీకగా గింజంత ముక్క ఊడి పడింది. మూత పెదవులకి పెట్టుకుని ఊదాడు. గాలి ఆడింది.

ఇప్పుడు వినండి, అసలు సంగతి ఇక్కడుంది. బండి బాగయింది. జరిగింది తెలిసినవాళ్ళు ఇద్దరే. పెద్దల ముందు నిలబడి, “పోనీలెండి, ముసలివాడు, ఉండనీయండి” అంటే చాలు. కాశింవలి ఉంటాడు, చెన్నకేశవులు మంచివాడూ అవుతాడు. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. మళ్ళీ బండెక్కి, గురువుగారు బయటపెడతారేమోనని అద్దంలో చూశాడు. ఆయన సజ్జకంకుల మీద వాలిన పిట్టల్ని చూస్తున్నారు. పాలకేంద్రం దగ్గర దిగి, నీడలో బల్ల మీద కూర్చుని, ఎవరో ఇచ్చిన మజ్జిగ తాగుతూ ఉండిపోయారు.

జనం క్యాన్లతో నిలబడ్డారు. కాశింవలి పానాలూ స్క్రూడ్రైవర్లూ అప్పటికే గోనెసంచిలో కట్టేసుకుని, సంచి పక్కన నించున్నాడు. పాలకేంద్రం అధ్యక్షుడు పిచ్చిరెడ్డి గొంతు సవరించుకుని, నీ మాటేమిటి కాంపౌండరూ అని అడిగాడు. చెన్నకేశవులు ఆ యాభై ముఖాలూ చూశాడు. నవ్వుతారు, జీవితాంతం నవ్వుతారు అనిపించింది. గేదె దగ్గరికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఈ మాట ముందు లేస్తుందనిపించింది.

అయినా నడిచి వెళ్ళి కాశింవలి ఎదుట ఆగి, తాళంచెవుల గుత్తి తీసి చాపాడు.

“బండి ఆపింది నేను, నువ్వు కాదు. గాలి పోయే బెజ్జం నా చేత్తో నేనే మూసుకున్నా. ఇదే చోట నిన్ను దొంగన్నాను. ఆ మాట అబద్ధం.”

ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన మాత్రం, ఈ సంగతి పోయినవారం తెలిసుంటే నా బండి ఎనిమిది మైళ్ళు తోసుకుని పక్కూరికి పోయేవాణ్ణి కాదు కదరా అని విసుక్కున్నాడు. పిచ్చిరెడ్డి, సరే, ఇక షెడ్డు జోలికి ఎవరూ పోవద్దని తేల్చేశాడు.

కానీ కాశింవలి గుత్తి అందుకోలేదు. చాపిన చేతిని, దానిలోని తాళంచెవుల్ని, ఆ వెనక మనిషిని మార్చి మార్చి చూశాడు. చెన్నకేశవులు ఆ చూపు గుర్తుపట్టాడు. అది తన చూపే.

“రెడ్డిగారి ముందు ఎన్నున్నాయో చెప్పి ఇయ్యన్నా,” అన్నాడు కాశింవలి మెల్లగా. “రేపు ఒకటి తగ్గిందంటావు.”

చెన్నకేశవులు ఒక్కొక్క తాళంచెవీ ఎత్తి చూపించి, నాలుగూ పేరు చెప్పి ఇచ్చాడు. కాశింవలి తీసుకుని, మూత తీసి, బెజ్జం ఊది చూసి, మూత పెట్టి, నలుగురూ చూస్తుండగా గుత్తి తిరిగి ఇచ్చేశాడు. తరువాత గోనెసంచి విప్పి పానాలు బల్ల మీద పేర్చుకోవడం మొదలుపెట్టాడు. చెన్నకేశవులు వైపు మళ్ళీ చూడలేదు.

తిరుగుదారిలో పద్నాలుగు మైళ్ళూ బండి ఒక్కసారి ఆగలేదు. మఠం ముందు గురువుగారిని దించి, చెన్నకేశవులు కదలకుండా నిలబడ్డాడు. నలుగురిలో తప్పు ఒప్పుకున్నా కాశింవలి తనని నమ్మలేదని చెప్పాడు. తన ప్రశ్నకి జవాబు ఇంకా అందలేదని కూడా అన్నాడు.

దానయ్యగారు ఎగగట్టిన పంచె దించుకుని, దుమ్ము దులుపుకుని, గుమ్మం ఎక్కారు. అక్కడ ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నారు.

“రేపు కూడా ఆ షెడ్డుకి పో నాయనా. బండికి పనేమీ లేకపోయినా పో.”

అంతే నాయనా, అంతకన్నా ఆయన చెప్పలేదు, నేనూ చెప్పను. ఇంటికి పోయేటప్పుడు కథలో ఏది మరిచినా ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఏ జనం ముందు మాట జారాడో ఆ జనం ముందే నిలబడి, ఆ మాట అబద్ధమన్నాడు. ఆ ఒక్క పని మీరూ ఒకసారి చేసి చూడండి, తల్లీ. చేసి, ఇంకొకరికి చెప్పండి.