పదమూడో నంబరు

ఉదయం పది. వాన వెలిసింది. గాలి తగ్గలేదు.

మత్స్యకార సంఘం మేడ మీద కంప్యూటరు ముందు కూర్చున్నాను. కింద జెట్టీ మీద ఆడవాళ్లు సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు.

నిన్న తెల్లవారుతూనే మా రేవు నుంచి ఆరు బోట్లు వేటకెళ్లాయి. ఇరవై ఏడు మంది. మధ్యాహ్నానికి గాలి లేచింది. ఇప్పటికి నాలుగు బోట్లు వచ్చాయి. నాలుగో దాంట్లో మా అబ్బాయి తాతారావు వచ్చాడు. ఇంట్లో పడుకున్నాడు. అన్నం ముట్టలేదు. ఉప్పునీళ్లకి నాని తెల్లబడిపోయిన వాడి పాదాలు చూసి, దుప్పటి కప్పి, ఇక్కడికి వచ్చేశాను.

ఇక్కడికి రావడానికి కారణం ఉంది. ఆ బోట్లని పంపింది నేను.

తుఫాను హెచ్చరిక ఎప్పుడొచ్చినా సంఘం కంప్యూటరులో ఒక ఫైలుగా వచ్చి పడుతుంది. నేను రాసిన ప్రోగ్రాం గంటకోసారి ఆ ఫైలు ఉందా అని చూస్తుంది. ఉంటే సైరన్ మోగిస్తుంది. లేకపోతే జెట్టీ బోర్డు మీద 'హెచ్చరిక లేదు' అని పచ్చ అక్షరాలు వేస్తుంది. సి భాషలో రాశాను. నలభై పంక్తులు లేవు. ఖాదర్ మాస్టారు నేర్పితే నేర్చుకున్నాను. ఓడల మీద వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. మూడేళ్లుగా నా పక్క కుర్చీలో కూర్చుని, నేను తప్పు రాస్తే గొంతు సవరించుకుంటారు. అంతే ఆయన పాఠం.

బోర్డు పెట్టిన రోజు ఆడవాళ్లందరితో అన్నాను. "ఇక మబ్బు చూడక్కర్లేదర్రా, బోర్డు చూడండి చాలు."

మొన్న సాయంత్రం ఆరుకే హెచ్చరిక ఫైలు వచ్చింది. నిన్న తెల్లారి నాలుగుకి కూడా బోర్డు మీద పచ్చ అక్షరాలే.

సన్యాసి ముప్పై ఏళ్లుగా మబ్బు చూసి వేటకెళ్లినవాడు. తూర్పున మబ్బు చూసి కాసేపు ఆగాడట. తర్వాత బోర్డు వైపు తిరిగి, "కంప్యూటరు నేదంటంది గదరా, పదండి" అన్నాడట. తాతారావు చెప్పాడు. సన్యాసి బోటు ఇంకా రాలేదు.

మాస్టారు మెట్లెక్కి వచ్చారు. గొడుగు వెనక్కి తిరగబడి ఉంది. దాన్ని మూలన పెట్టి నా పక్కన కూర్చున్నారు.

"మాస్టారూ, నేను చూస్తే ఫైలు ఉంది. ప్రోగ్రాం చూస్తే లేదంటోంది."

"నువ్వు ఎవరి పేరుతో చూశావు?"

"అడ్మిన్ పేరుతో. ఎప్పుడూ అలాగే పరీక్ష చేస్తాను. పదిసార్లు చేశాను మాస్టారూ. పదిసార్లూ ఉందనే చెప్పింది."

"ప్రోగ్రాం ఎవరి పేరుతో నడుస్తోంది?"

"దానికో పేరుంది కదా. మీరే పెట్టించారు."

"ఎందుకు పెట్టించాను?"

"అన్ని తాళాలూ దాని చేతికి ఇవ్వకూడదని."

మాస్టారు గొంతు సవరించుకున్నారు.

నాకు కోపం వచ్చింది. "ఇప్పుడు పాఠం చెప్పే వేళా మాస్టారూ? ఫైలుందా అని అడిగితే యాక్సెస్ ఫంక్షన్ సున్నా ఇస్తే ఉన్నట్టు, ఇవ్వకపోతే లేనట్టు. అదే రాశాను. అందులో తప్పేముంది?"

"నీ తాళాల గుత్తి ఇటివ్వు" అన్నారు.

నడుముకున్న గుత్తి తీసి ఇచ్చాను. ఆయన లేచి కిందికి దిగారు. వెనకే దిగాను.

జెట్టీ పక్కన వలల గది. లైఫ్ జాకెట్లు కూడా అందులోనే. మాస్టారు తాళం తీసి లోపలికెళ్లి, ఒక క్షణం ఉండి, బయటికొచ్చి మళ్లీ తాళం వేశారు. గుత్తి జేబులో వేసుకున్నారు.

"సన్యాసి వాళ్ల జాకెట్లు లోపల ఉన్నాయా?"

తలుపు లాగాను. రాలేదు. "తాళం వేసి ఉంది."

"తాళం సంగతి అడగలేదు. ఉన్నాయా?"

"ఎలా చెప్పను? తలుపు తెరిస్తే కదా."

"అయితే లేవని రాసెయ్. వాళ్లు వేసుకునే వెళ్లారని అక్కడ నిలబడ్డ నూకాలుకి చెప్పు."

నూకాలు సన్యాసి భార్య. నన్ను అక్క వరసన 'అప్పా' అంటుంది. పది అడుగుల దూరంలో నిలబడి మమ్మల్నే చూస్తోంది.

"చెప్పలేను మాస్టారూ."

"ఎందుకని?"

"నాకు తెలీదు."

మాస్టారు గుత్తి తీసి నా చేతిలో పెట్టారు. "తెలీకుండానే నీ ప్రోగ్రాం చెప్పింది" అన్నారు. పైకి వెళ్లిపోయారు.

తాళం తీశాను. కొక్కేలన్నీ నిండుగా ఉన్నాయి. హెచ్చరిక లేని రోజు బరువెందుకని మావాళ్లు జాకెట్లు వదిలేసి వెళ్తారు. ఇరవై ఏడూ ఉన్నాయి. తాతారావుది కూడా.

పైకెళ్లి కూర్చున్నాను. యాక్సెస్ కాదన్నప్పుడు ఎందుకు కాదందో ఒక నంబరు వదిలి వెళ్తుంది. మాస్టారు మొదటి సంవత్సరమే చెప్పారు. అడిగినవాళ్లకే చెప్తుందని కూడా చెప్పారు. నేను ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు ఒక్క పంక్తి చేర్చి, ప్రోగ్రాంకున్న పేరుతోనే నడిపాను.

పదమూడు వచ్చింది.

ఫైలు లేకపోతే రెండు రావాలి. పదమూడంటే, లోపలికి నన్ను రానివ్వలేదు అని.

పోయిన సోమవారం ఎవరో పొరపాటున, హెచ్చరికలు వచ్చి పడే ఫోల్డరులో ఫైళ్లు చెరిపేశారు. మళ్లీ అలా జరగకూడదని, అడ్మిన్‌కి తప్ప ఎవరికీ తెరుచుకోకుండా ఫోల్డరు మూసేశాను. నేనే మూశాను. మూశాక పరీక్ష కూడా చేశాను. అడ్మిన్ పేరుతో.

అప్పటి నుంచి ప్రతి గంటా అది పదమూడు, పదమూడు అంటూనే ఉంది. ప్రతి గంటా నేను దాని నోట 'లేదు' అనిపించాను.

మాస్టారి వైపు చూశాను. ఆయన కిటికీలోంచి సముద్రం చూస్తున్నారు.

పదకొండున్నరకి అయిదో బోటు వచ్చింది. నలుగురూ ఉన్నారు. కింద ఒక్కసారిగా ఏడుపులు లేచి, అంతలోనే సర్దుమణిగాయి. నూకాలు అక్కడే నిలబడి ఉంది.

సెక్రటరీ గణపతి కాగితం పట్టుకొచ్చాడు. "దేముడమ్మా, పన్నెండు లోపల లిస్టు పంపాలి. గాలింపు వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తన్నారు. రెండే గడులు. వచ్చారు, లేరు. తొందరగా నింపెయ్."

"సన్యాసి వాళ్లని ఏ గడిలో వెయ్యను?"

"ఇంకెక్కడేస్తావు? ఒక రాత్రంతా అయిపోనాది. ఒంటి మీద జాకెట్లు కూడా నేవంట."

"లేరు అని రాస్తే ఏం చేస్తారు?"

గణపతి కాగితం వైపు చూశాడు. "గాలించే బోటు వెనక్కి తిప్పేస్తారు. దానికీ గాలే గదా."

నూకాలు ఎప్పుడు వచ్చిందో గుమ్మంలో ఉంది. చీర కుచ్చెళ్లు తడిసి కాళ్లకి అంటుకున్నాయి.

"అప్పా, మావోణ్ణి ఏటని రాస్తన్నావు?"

"ఇంకా రాయలేదే."

"మీ వోడు వొచ్చేసినాడు గదప్పా. నీకేటి, ఏదైనా రాయగలవు."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. తాతారావు ఇంట్లో దుప్పటి కింద ఉన్నాడు కాబట్టే నా చెయ్యి కలం పట్టుకోగలిగింది.

మాస్టారు కిటికీ దగ్గర్నుంచి వచ్చి, బల్ల మీదున్న స్కేలు తీసి నా ముందు పెట్టారు.

కాగితం కుడివైపు అంచున కొద్దిగా ఖాళీ ఉంది. అక్కడ నిలువుగా గీత గీశాను. గీత వంకర పోయింది. పైన 'తెలియదు' అని రాశాను.

"అలాంటి గడి లేదమ్మా ఫారంలో" అన్నాడు గణపతి. "వాళ్లు తీసుకోరు."

"తీసుకోకపోతే ఎందుకు తీసుకోరో అడుగు. అడిగి నాకొచ్చి చెప్పు."

ఆ గడిలో మూడు పేర్లు రాశాను. సన్యాసి. వాడి తమ్ముడు ఎల్లాజీ. కాములు. నూకాలు నా భుజం మీదుగా వంగి చూసింది. ఆమెకి చదువు రాదు. ఆ మూడు పేర్లూ ఉన్నచోట వేలు పెట్టి చూపించాను. ఆ పక్కనున్న 'లేరు' గడి ఖాళీగా ఉందని కూడా చూపించాను.

ఆమె ఆ ఖాళీనే చూస్తూ నిలబడింది. తర్వాత మెట్లు దిగి జెట్టీ మీదికి వెళ్లిపోయింది.

ఇక వచ్చినవాళ్లు మిగిలారు. బోటుకి బోటు, పేరుకి పేరు, కింద మెట్ల మీద కూర్చున్నవాళ్లని కిటికీలోంచి చూసి, ఇళ్లకెళ్లినవాళ్ల గురించి వాళ్ల ఆడవాళ్లని పిలిచి అడిగి, ఒక్కొక్కరినీ రాశాను. చూడకుండా, అడక్కుండా ఒక్క పేరూ రాయలేదు.

ఇరవై మూడు మందిని లెక్కపెట్టాను.

ఇరవై నాలుగోవాడు నా కొడుకు. వాడి పేరు అందరి కన్నా కింద రాశాను.