ఏడుకొండలు గారి మేడకు కట్టిన గుమ్మడికాయ

చిన్న కథ. చక్రవేణి ఒక ప్రశ్న అడిగింది, సోమలింగం మాస్టారు దానికి జవాబు చెప్పారు, అంతే. నోట్లో వేసుకున్న వక్కపలుకు నమిలేలోపు అయిపోతుంది. కాకపోతే ఆ ప్రశ్న అడిగిన చోటు గురించి ఒక మాట చెప్పకపోతే తర్వాతి సంగతులు ఎవరూ నమ్మరు.

మా ఊళ్ళో బొమ్మలు వెయ్యడం నేర్పే చోటు రైస్‌మిల్లు వెనక ఉంది. ఒకప్పుడు ఊక పోసుకునే కొట్టు. ఇప్పటికీ మిల్లు ఆడినంతసేపూ కిటికీలోంచి ఊక ఎగిరొచ్చి తడి రంగుల మీద వాలుతుంది. అందుకని అక్కడ వేసిన బొమ్మల్లో ఏ ఋతువైనా వరికోతల కాలంలాగే కనిపిస్తుంది. హిమాలయాల మీద కూడా ఊక ఉంటుంది. సోమలింగం మాస్టారు హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యాక ఆ కొట్టు తీసుకుని, సోమ, బుధ, శుక్రవారాల సాయంత్రాలు పెద్దవాళ్ళకి నేర్పుతున్నారు. దీనివల్ల ఊరికేం ఒరుగుతుందని ఎవరో అడిగితే, ఆ కాసేపైనా వాళ్ళు ఇంకోచోట ఉండరు కదా అన్నారట. శిష్యులు ముగ్గురు. కాంపౌండరు ఏసుదాసు ఏ బొమ్మ వెయ్యమన్నా తన మోటారు సైకిలే వేస్తాడు. సూర్యోదయం వెయ్యమంటే సూర్యుడికి అడ్డంగా మోటారు సైకిలు నిలబెట్టాడు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన సుందరమ్మగారు చిలకల్ని వేస్తారు. ఆ చిలకలన్నీ స్టాంపులు అయిపోయాయి రేపు రమ్మన్నట్టు చూస్తుంటాయి. మూడో మనిషి చక్రవేణి. ఆమె చెయ్యి మంచిది. ఈ ఒక్క మాట మటుకు వేళాకోళం కాదు.

మాస్టారికి ఒక అలవాటు ఉంది. ఎవరు ఏ బొమ్మ చూపించినా బాగుందనరు, బాగాలేదనరు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, కాసేపు చూసి, "ఆరనియ్యి" అంటారు. రంగుల బొమ్మకైతే సరే. పెన్సిలు బొమ్మకి కూడా అదే మాట. ఏసుదాసు చేరిన కొత్తలో తన పెన్సిలు గీతలన్నీ డాబా మీద ఎండలో పెట్టి ఆరబెట్టాడు.

మాస్టారు అనని మాటని ఊరంతా అనేది. చక్రవేణికి వచ్చిన చిక్కు అదే. అత్తగారు బాగుందనేది. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే భర్త బాగుందనేవాడు. పాలు పోయడానికొచ్చిన మనిషి కూడా తలుపు సందులోంచి చూసి, బాగుందమ్మా అని చెంబు అందుకునేవాడు. అయితే చక్రవేణి కళ్ళున్న మనిషి. 'బాగుంది' అనే మాట పూర్తయ్యేసరికి వాళ్ళ చూపు అప్పుడే టీవీ మీదో, పొయ్యి మీది పులుసు మీదో ఉండడం గమనించింది. అనుమానం తీర్చుకుందామని ఒకరోజు తను వేసిన కొబ్బరితోట బొమ్మని గోడకి తలకిందులుగా తగిలించింది. ఆ వారమంతా ఇంటికొచ్చిన వాళ్ళందరూ బాగుందన్నారు. ఒక పెద్దావిడ, మొదటి దానికంటే ఇది ఇంకా బాగుందంది.

ఆ తర్వాత చక్రవేణికి అన్నం సయించలేదు. ఒక సోమవారం సాయంత్రం కుంచెలన్నీ శుభ్రంగా కడిగి, పాత చీర ముక్కలో చుట్టి తెచ్చి మాస్టారి ముందు పెట్టింది.

"మాస్టారూ, బొమ్మ బాగా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? మీరు చెప్పరు. వాళ్ళు చెప్పేది నేను నమ్మలేను. అది తెలియకుండా వెయ్యడం ఇంక నా వల్ల కాదు. చెప్తే ఉంటాను. లేకపోతే ఈ కుంచెలు సుందరమ్మగారికిచ్చేసి వెళ్ళిపోతాను. మళ్ళీ రంగు ముట్టుకోను."

సుందరమ్మగారు "అదేం మాటమ్మా, తప్పు" అన్నారు గానీ, ఆవిడ చూపు మూటలోని సన్న కుంచె మీద ఉంది.

మాస్టారు నోరు తెరిచేలోపు గుమ్మంలో ఏడుకొండలు గారు ప్రత్యక్షమయ్యారు.

ఇక్కడ ఏడుకొండలు గారి మేడ గురించి చెప్పక తప్పదు. రొయ్యల చెరువులు కలిసొచ్చి కట్టిన మేడ. దాని రంగు వంకాయ రంగు అనేవాళ్ళూ ఉన్నారు, ఉల్లిపాయ రంగు అనేవాళ్ళూ ఉన్నారు. రంగు డబ్బా మీద ఏ పేరుందో ఆ పేరే అనాలని ఆయన అంటారు, అది ఆయనకే నోరు తిరగదు. గేటుకి అటూ ఇటూ సిమెంటు ఏనుగులు. ఒకటి తొండం ఎత్తి ఉంటుంది, ఒకటి దించి ఉంటుంది, మధ్యలో మేస్త్రీ మారాడు. మెట్ల మీద పరిచిన రాయి ఎంత నునుపంటే ఇంట్లోవాళ్ళు పెరటి వైపు నుంచి తిరుగుతున్నారు. ఆ మేడ విషయంలో ఆయనకి రెండు కోరికలు. ఊరంతా దాన్ని చూడాలి. ఒక్క కన్నూ దాని మీద పడకూడదు. ఈ రెండు కోరికలకీ మధ్య పేచీ ఉందని ఆయనకెవరూ చెప్పలేదు.

"మాస్టారండీ, ఆదివారం గృహప్రవేశం" అన్నారాయన. "బజార్లో అమ్మే దిష్టిబొమ్మలు నా మేడకి ఆనవండి. మీరే ఒక బూడిద గుమ్మడికాయ మీద గట్టి మొహం వేసిపెట్టాలి. ఎంత పాడు కన్నయినా సరే, దాని మీద పడి అక్కడే ఆగిపోవాలి. గోడ దాకా రాకూడదు."

"ఈ అమ్మాయి వేస్తుంది" అన్నారు మాస్టారు.

ఏడుకొండలు గారు చక్రవేణిని ఎగాదిగా చూశారు. "ఆడకూతురు వేస్తే జనం భయపడతారంటారా?"

"ఆ మాట ఇంటికెళ్ళి రత్తమ్మగారి ముందు అనండి చూద్దాం" అన్నాడు ఏసుదాసు, మోటారు సైకిలు చక్రానికి చువ్వలు గీస్తూ. రత్తమ్మగారంటే ఏడుకొండలు గారి భార్య. ఆయన సరేనని వెళ్ళిపోయారు.

చక్రవేణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను ప్రశ్న అడిగితే గుమ్మడికాయ ఇస్తారా మాస్టారూ?"

"వచ్చే సోమవారం దాకా కుంచెలు ఉంచుకో. తర్వాత సుందరమ్మగారికి ఇద్దువుగాని. ఆవిడెక్కడికీ పోరు" అన్నారాయన.

ఆమె కాయ తెచ్చి, దాని ఒంటి మీది బూడిదని తడిగుడ్డతో తుడిచింది. అది పోకపోతే రంగు పట్టదు. పైన తెల్లపూత పూసి, ఊరందరికీ తెలిసిన రాక్షసుణ్ణే వేసింది. మిడిగుడ్లు, కోరమీసాలు, వేలాడే నాలిక. పొందికగా వచ్చింది. బుధవారం కొట్టుకి పట్టుకొచ్చింది. సుందరమ్మగారు చిలక ముక్కు దిద్దుకుంటూనే బాగుందన్నారు. మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకున్నారు. చక్రవేణి 'ఆరనియ్యి' అనే ఆ ఒక్క మాట కోసం నిలబడింది. మాస్టారు ఆ మాట అనలేదు.

"ఇంతింత కళ్ళేశావు. ఇది ఎవరిని చూస్తోందమ్మా?" అని అడిగారు.

చక్రవేణి కాయని అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. అది ఎవరినీ చూడటం లేదు. ఆ కాయని తర్వాత అత్తగారు పెరట్లో పొట్లపాదు దగ్గర కట్టింది. కాకులు దాని మీద కూర్చునే పొట్లకాయలు తిన్నాయి.

మర్నాడు పొద్దున చక్రవేణి ఏడుకొండలు గారి గేటు దగ్గరికి వెళ్ళి, తొండం దించిన ఏనుగు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. కాయ కట్టే చోటు నుంచి రోడ్డు ఎలా కనిపిస్తుందో చూద్దామని. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఆగుతున్నారు, మేడ వంక చూస్తున్నారు, అక్కడే పచార్లు చేస్తున్న ఏడుకొండలు గారితో "బాగుందండీ" అంటున్నారు. ఆ మాట అనేటప్పుడు చక్రవేణి వాళ్ళ మొహాలు చూసింది. పెదాలు నవ్వుతున్నాయి, కళ్ళు నవ్వడం లేదు. బుగ్గలు పైకి లేస్తుంటే కనుబొమ్మలు కిందకి దిగుతున్నాయి. మూతి ఒక కొస మెచ్చుకుంటుంటే రెండో కొస 'వీడికెలా వచ్చిందిదంతా' అని అడుగుతోంది. ప్రెసిడెంటు గారి దగ్గర్నుంచి ఉప్పు బండి తోసుకొచ్చే అతని దాకా, మనిషి మారుతున్నాడు గానీ మొహం మారడం లేదు.

ఇంటికొచ్చి ఇంకో కాయ తుడుచుకుని ఆ మొహం వేసింది. కోరలు లేవు, మీసాలు లేవు, నాలిక లేదు. 'బాగుందండీ' అంటున్న ఒక మనిషి మొహం, అంతే. వేస్తున్నంతసేపూ పొయ్యి మీద పులుసు ఉందన్న సంగతి మరిచిపోయింది. బాగా వస్తోందా అని తనని తాను అడుక్కోవడం కూడా మరిచిపోయింది. పులుసు మాడిందని అత్తగారు మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆదివారం పొద్దున్నే ఎవరో పనివాళ్ళు దాన్ని తీసుకెళ్ళి మేడ ముందు దూలానికి కట్టారు. పందిరి హడావుడిలో ఏడుకొండలు గారు దాన్ని చూసుకోలేదు. పట్టుపంచె కట్టుకుని, పొగడ్తలు అందుకోవడానికి గేటు దగ్గర నిలబడ్డారు. ముందుగా వచ్చింది ఆయన వియ్యంకుడు. గేటు దాటి, తలెత్తి, అక్కడే ఆగిపోయాడు.

"అదేంటి బావగారూ, మా అన్నయ్యని తెచ్చి దూలానికి కట్టేశారు?"

"మీ అన్నయ్యెందుకయ్యాడు, మీ వదిన" అంది వెనకాలే వచ్చిన ఆయన భార్య. "ఆ మూతి చూడండి. మన పెళ్ళిలో నా నగలు చూసి అచ్చం ఇలాగే నవ్వింది."

ఇక వరసే వరస. ప్రెసిడెంటు గారు అందులో తన మీద పోటీచేసి ఓడిపోయినాయన్ని చూశారు. ఓడిపోయినాయన ప్రెసిడెంటు గారిని చూశాడు. ఒకే ఇంటి తోడికోడళ్ళు ఇద్దరు దాని కింద నిలబడి ఒకరికొకరు చెప్పకుండా నవ్వుకున్నారు. పురోహితుడు సంకల్పం మధ్యలో లేచి బయటికొచ్చి చూసి, ఇతను పక్క ఊరి పురోహితుడేనని తేల్చేసి వెళ్ళి కూర్చున్నాడు. తన మొహం ఉందని మటుకు ఎవరూ అనలేదు. వంకాయ రంగు గోడల్ని గానీ, ఏనుగుల్ని గానీ, నునుపు రాయిని గానీ ఎవరూ చూసిన పాపాన పోలేదు. ఏసుదాసు ఆ మెట్ల మీద గుత్తివంకాయ కూర ఒలకబోసుకుంటే అది కూడా ఎవరి కంటా పడలేదు. వడ్డించిన విస్తళ్ళు ఎదురుచూశాయి. మా ఊళ్ళో భోజనం మనుషుల కోసం ఎదురుచూడటం అదే మొదలు.

సోమలింగం మాస్టారు సైకిలు మీద వస్తూ, తలెత్తి చూసి, సైకిలుతో సహా వెళ్ళి తొండం ఎత్తిన ఏనుగుకి గుద్దుకున్నారు. మోచెయ్యి చీరుకుపోయింది. బ్రేకు పడలేదన్నారు. ఆ సైకిలుకి ఏనాడూ బ్రేకు లేదని, అయినా ఆయన ఏనాడూ దేన్నీ గుద్దుకోలేదని ఊరందరికీ తెలుసు.

చక్రవేణి వంటల పందిరి చాటున నిలబడి చెవులు రిక్కించి వింది. మధ్యాహ్నం దాకా వింది. ఒక్కరి నోటా 'బాగుంది' అనే మాట రాలేదు. ఎవరు వేశారని అడిగిన వాళ్ళు కూడా లేరు. చివరికి దిష్టిబొమ్మ కూడా చేతకాలేదు అనుకుని, భోజనం చెయ్యకుండానే ఇంటికి పోయింది. సాయంత్రానికి ఏడుకొండలు గారి మొహమూ కాయ మీది మొహమూ ఒక్కలాగే ఉన్నాయని రత్తమ్మగారు వంటవాళ్ళతో అన్నారట. రేపు మాస్టారి దగ్గరికి వెళ్ళి సంగతి తేల్చుకుంటానని ఆయన నలుగురిలో అన్నారు.

సోమవారం చక్రవేణి మాట మీద నిలబడి, కుంచెల మూట సుందరమ్మగారి ఒళ్ళో పెట్టింది. సుందరమ్మగారు ఈసారి తప్పని అనలేదు. ఏడుకొండలు గారు బయల్దేరారని కబురొచ్చింది. ఏసుదాసు దూదీ అయొడినూ బల్ల మీద సర్ది, మోటారు సైకిలుని, నిజం దాన్నే, రోడ్డు వైపు తిప్పి నిలబెట్టుకున్నాడు. చూడాల్సింది ఏదో ఉందని మిల్లు పనివాళ్ళు మిల్లు ఆపేశారు. చక్రవేణి మాస్టారికి అడ్డంగా నిలబడింది.

ఏడుకొండలు గారు చెప్పులు బయట విడిచి లోపలికొచ్చారు. జనం మొదట ఆశ్చర్యపోయింది దానికే.

"మాస్టారండీ, నాకు నిన్నటి నుంచీ మనసు మనసులో లేదండి" అన్నారు. "వచ్చిన కళ్ళన్నీ దాని మీదే పడ్డాయి. ఇవాళ పొద్దున బస్సు ఆపుకుని మరీ చూశారు. పక్క ఊరాయన ఒకాయన, దాన్ని నాకిచ్చెయ్యరాదూ అన్నాడు. నా మేడ ఊసే ఎత్తలేదండి. ఇందాక నిచ్చెనేసుకుని చూస్తే ఏముంది, తొడిమ దగ్గర సన్నగా నెర్రె ఇచ్చింది. దిష్టండి. ఇంకేమవుతుంది?"

"అయితే ఏం చేద్దామంటారు?"

"దానికో దిష్టిబొమ్మ కావాలండి. పక్కనే కడతాను. ఈ అమ్మాయే వెయ్యాలి."

చెప్పాల్సింది చెప్పి, చెప్పులేసుకుని ఆయన వెళ్ళిపోయారు. ఏసుదాసు అయొడిను సీసా మూత బిగించాడు. మిల్లు మళ్ళీ ఆడటం మొదలైంది. చక్రవేణి సుందరమ్మగారి ఒళ్ళోంచి మూట తీసుకుంది. సన్న కుంచె అందులో లేదు. చెయ్యి చాచి అది కూడా అడిగి తీసుకుంది.

"నా ప్రశ్నకి మీరింకా జవాబు చెప్పలేదు మాస్టారూ."

"నిన్న ఎవరైనా బాగుందన్నారా?"

"ఒక్కరంటే ఒక్కరు అనలేదండీ."

"మరింకేం" అని మాస్టారు మోచేతి కట్టు మీద పడిన ఊక దులుపుకున్నారు. "ఈ రెండోది మాత్రం కాస్త చూసుకుని వెయ్యమ్మా, లేకపోతే దానికీ ఓ దిష్టిబొమ్మ కావాలంటారాయన. అందరూ బాగుందనేలా ఉండాలి."