రాజుగారి బొరిగె

కొండల నడుమ ఒకానొక రాజ్యాన్ని ఉగ్రకేతుడనే రాజు ఏలేవాడు. ఆయనకు కోపం కంటే తొందర ఎక్కువ. కొడుకును దూరాన గురుకులంలో చేర్చి, వాడేం నేర్చాడో చూసి రమ్మని మూడు రోజులకోసారి రౌతును పంపేవాడు.

ఆయన తోటలో పరదేశపు పూలెన్నో ఉన్నా సీతాకోకచిలుక ఒక్కటీ వాలేది కాదు.

"మన అడవినాభి నాటితే అవే వస్తాయి దొరా," అంది తోటమాలి ఎర్రక్క. "తీగ ఏటా ఎండిపోయినా దుంప బతికే ఉంటది. వానలకు మళ్లీ లేస్తది."

నాగలిలా రెండు కొమ్ములున్న దుంపను కొండ మీంచి తెచ్చి నాటింది.

మర్నాడే రాజు బంగారు పిడి బొరిగెతో తవ్వి చూశాడు. మొలక లేదు. పూడ్చాడు. సాయంత్రం మళ్లీ తవ్వాడు. పన్నెండో రోజున ఒక కొమ్ము మీద లేచిన మొలక ఆయన కంటపడకముందే ఆ బొరిగెకే తెగింది.

"చచ్చిన దుంప అంటగట్టావా! వారంలో మొలవకపోతే రాజ్యం విడిచి పో!"

ఎర్రక్క ఏడుస్తూ విదూషకుడు గుండయ్య దగ్గరికి పరుగెత్తింది. "రెండో కొమ్ము బాగానే ఉందయ్యా. కదపకుంటే చాలు!"

ఆ మధ్యాహ్నం రాజు కునుకు తీయబోతుంటే గుండయ్య విసనకర్రతో పక్కన చేరాడు. రెప్ప వాలగానే భుజం తట్టాడు.

"ప్రభూ, నిద్ర పట్టిందా?"

"పట్టబోతోందయ్యా."

కాసేపటికి వేలితో రెప్ప ఎత్తి చూశాడు. "ఇప్పుడో?"

నాలుగోసారికి రాజు మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఒరేయ్, పట్టిందా లేదా అని నువ్వు లేపి చూస్తుంటే ఇంకెక్కడ పడుతుందిరా!"

"నా తప్పేముంది ప్రభూ? తమకే నిద్రపోవడం చేతకాదు. వారంలో నిద్రపోకపోతే తమరు రాజ్యం విడిచి పోవాలి."

రాజు కళ్లెర్రజేశాడు. అంతలో తన గోళ్లలోని మట్టి కనబడింది. పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు.

"నీ దుంప తెగ! ఎర్రక్కను ఉండమను. నీకేం కావాలో కోరుకో."

"తమ బొరిగె, ప్రభూ."

ఇచ్చాడు గానీ పిడి వదలడానికి కాస్త సేపు పట్టింది.

వానలు పడేదాకా మేడ మీద అటూ ఇటూ తిరిగాడే తప్ప మడి దగ్గరికి పోలేదు. తీగ లేచింది. నిప్పు రవ్వల్లాంటి పూలు పూశాయి. వాటి మీద సీతాకోకచిలుకలు ముసిరాయి.

అప్పుడే రౌతు గుర్రానికి జీను కట్టుకుని వచ్చాడు. "గురుకులానికి బయలుదేరమంటారా?"

రాజు పూలకేసి చూశాడు. "ఈసారికి వద్దులే."

రౌతు వెనుదిరిగాడు.

"ఒరే," అని పిలిచాడు రాజు, "జీను మాత్రం విప్పకు."