తిరగబడిన పట్టీ

పేరిందేవమ్మగారిని ఏదైనా అడిగితే ఆవిడకి నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు, కత్తెర తీసుకుంటారు. చీరాలలో ముప్పై ఏళ్ళుగా కుట్టుపని నేర్పుతున్న మనిషి. ఆవిడ శిష్యురాలు హైమ ఈమధ్య జాకెట్లు కుట్టడం ఆన్‌లైన్‌లో నేర్పుతోంది. మంచి కెమెరా, లైట్లు, వెనకాల సన్నగా వీణ, చివర బంగారు అంచు సర్టిఫికెట్, అన్నీ ఉన్నాయి. లేనిది విద్యార్థులే. అరవైమంది చేరితే, మూడో పాఠం దాటేసరికి తొమ్మిదిమంది మిగిలారు.

"నాలో లోపమేమిటి టీచరుగారూ? చేరినవాళ్ళు నిలవడం లేదు. ఈ నెలాఖరుకి మూసేద్దామనుకుంటున్నాను," అంది హైమ. ఉన్న ఉద్యోగం మానుకుని మరీ మొదలుపెట్టింది పాపం.

"ఆ మూడో పాఠం నాకూ పంపు," అన్నారావిడ.

నాలుగు రోజుల తర్వాత పిలిపించి, ఆకుపచ్చ జాకెట్టొకటి చేతిలో పెట్టారు. "నీ కొలతలే. తొడుక్కుని రా."

లోపలి గదిలోకి వెళ్ళిన హైమ ఎంతకీ రాలేదు. కుట్టు ముత్యాల్లా ఉంది, చంక దగ్గర ముడత లేదు. కానీ ఉక్సులు పెట్టుకోబోతే చెయ్యి తడబడింది. పైకి రావలసిన పట్టీ కిందికి పోయింది, కిందది పైకొచ్చింది.

"పట్టీలు తారుమారయ్యాయి టీచరుగారూ. మీరేమిటి, ఇలా..."

"నాకు తెలిసిందంతా పక్కన పెట్టి, నువ్వు చూపించినట్టే కుట్టానమ్మా."

హైమ ఫోను తీసి తన పాఠం తానే చూసుకుంది. ఇదివరకు చూసుకున్నది లైట్లు బాగా పడ్డాయా లేదా అనే. క్లాసులో అయితే నేర్చుకునేవాళ్ళు పక్కన కూర్చుంటారు, ఇక్కడ ఎదురుగా ఉన్నారు. గుడ్డ ఒంటికి ఆనించుకుని 'ఇటు ఉక్సులు, అటు కాజాలు' అని తను చూపించినదల్లా వాళ్ళకి అటుదిటు అయింది. పాఠం కింద పలాస నుంచి భానురేఖ అనే ఆవిడ నెల కిందటే అడిగింది: 'మేడమ్, పట్టీ తిరగబడి వస్తోంది. రెండుసార్లు విప్పాను. తప్పెక్కడ చేస్తున్నాను?' దానికి హైమ పేరుతో దానంతటదే వెళ్ళిన జవాబు: 'మీ ప్రోత్సాహానికి ధన్యవాదాలు.' పక్కన రెండు గులాబీ బొమ్మలు.

హైమకి తల కొట్టేసినట్టయింది. అక్కడే నిలబడి, భానురేఖ చేరినప్పుడు ఇచ్చిన నంబరుకి ఫోన్ చేసింది. "తప్పు మీది కాదండీ. నేను చూపించడమే తప్పు. మళ్ళీ తీసి పంపిస్తాను."

అవతల నవ్వు వినిపించింది. "అయితే నా చేతులు మంచివేనన్నమాట! ఇంక నాకు రాదని మిషను అటకెక్కించీసినానండి. ఇప్పుడే దింపించీస్తాను."

సాయంత్రానికల్లా టీచరుగారింట్లోనే పాఠం మళ్ళీ తీసింది హైమ, ఈసారి కెమెరా తన భుజం వెనక నుంచి చూసేలా పెట్టి. నెల రోజుల బరువు దిగిపోయి హాయిగా ఉంది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఇకనైనా వీళ్ళంతా నా దగ్గర నిలుస్తారంటారా?" అని అడిగింది.

పేరిందేవమ్మగారు సూదిలోకి దారం ఎక్కిస్తూ, "నీ దగ్గర సంగతి నాకు తెలీదు," అన్నారు. "మిషను దగ్గర నిలుస్తారు."