నూట ముప్పైయేడో ఎక్కం చెప్పే చిలుక

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు గజకేతు, రెండోవాడు హయకేతు, చిన్నవాడు మీనకేతు. ఆ రాజ్యానికి ఒక పీడ పట్టుకుంది. మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలిలో ఒక చిలుక గొంతు వినిపించేది.

"నూట ముప్పైయేడు ఒకట్లు నూట ముప్పైయేడు... నూట ముప్పైయేడు రెళ్ళు రెండువందల డెబ్భైనాలుగు..."

దాని వెనకే వందమంది గొంతులు అదే అప్పజెప్పేవి. పది దాకా వెళ్ళి మళ్ళీ ఒకటికి వచ్చేవి. అది వినగానే ఉయ్యాలల్లో పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేసేవారు.

అది ఏడు సముద్రాల అవతల గవ్వకన్ను మాంత్రికుడి కోటలోంచి వచ్చేది. వాడికి కళ్ళున్న చోట రెండు తెల్లటి గవ్వలుండేవి. పొరుగు రాకుమారి హేమరేఖను ఎత్తుకుపోయింది వాడే.

ఆమెను తెస్తానని గజకేతు వెళ్ళాడు. కత్తి వచ్చుగాని ఎక్కం రాదు. మూడో నెలలో మధ్యాహ్నపు గాలిలో అతని గొంతూ వినిపించింది. రాణి గుర్తుపట్టి కూలబడిపోయింది. హయకేతు పది దాకా బట్టీపట్టి మరీ వెళ్ళాడు. ఆరో నెలలో అతని గొంతూ కలిసింది.

"అమ్మా, అన్నయ్యల్ని నేను తెస్తా" అన్నాడు మీనకేతు.

"వద్దు నాన్నా! నీకు ఆ ఎక్కం ముక్క కూడా రాదు!"

"దారిలో నేర్చుకుంటాలే" అన్నాడు. చూశారా ధైర్యం!

ఒడ్డున వలలో చిక్కిన ముసలి తాబేలును విడిపించాడు. అది అతన్ని వీపునెక్కించుకుంది.

"నూట ముప్పైయేడు బారలకు ఒకసారి తలెత్తి ఊపిరి తీసుకుంటాను నాయనా. ఎత్తినప్పుడల్లా మొత్తం ఎన్ని బారలయ్యాయో చెప్పాలి. తప్పితే మునుగుతాను."

మొదటి సముద్రంలో మూడుసార్లు మునిగి ఉప్పునీళ్ళు తాగాడు. "నూట నలభై కలుపు, మూడు తీసెయ్యి" అంది తాబేలు జాలిపడి. రెండో సముద్రంలో ఒక్కసారే మునిగాడు. మూడో సముద్రంలో పది దాకా తప్పు లేకుండా చెప్పి, "అయిపోయింది, మళ్ళీ ఒకటి" అన్నాడు.

"సముద్రం అయిపోయిందా? నన్ను వెనక్కి పొమ్మంటావా?" అంది తాబేలు.

మీనకేతు సిగ్గుపడ్డాడు. పదమూడువందల డెబ్భైకి నూట నలభై కలిపాడు, మూడు తీసేశాడు. ఆ తర్వాత ఏడో సముద్రం దాటేదాకా ఎక్కడా ఆగలేదు.

ఆ కోటలో ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే. దేనికీ నీడ లేదు. ముంగిలి నిండా రాతి మనుషులు. ఒళ్ళంతా రాయే, పెదాలు మాత్రం కదులుతున్నాయి. వాళ్ళలో అన్నలిద్దరూ ఉన్నారు. పక్కనే హేమరేఖ. ఆమె పెదాలు ఒక్కటే కదలడం లేదు.

"అతిథివి, నువ్వే మొదలెట్టు" అన్నాడు గవ్వకన్ను. "ఒకటి నువ్వు, ఒకటి నా చిలుక. నువ్వాగితే నువ్వు రాయి. అదాగితే నేను రాయి. నా ప్రాణం దాని గొంతులోనే ఉంది. పది కాగానే మళ్ళీ ఒకటి... మీ చిన్నన్న మూడురోజులు తిరిగి తిరిగి నాలుక తడబడ్డాడు."

మీనకేతు ఒకట్లు చెప్పాడు. చిలుక రెళ్ళు చెప్పింది. రాతి పెదాలన్నీ వంతపాడాయి. అలా అలా మీనకేతు తొమ్మిదులు చెప్పాడు, చిలుక పదులు చెప్పింది, "పదమూడువందల డెబ్భై!"

మీనకేతు వెనక్కి తిరగలేదు.

"నూట ముప్పైయేడు పదకొండ్లు పదిహేనువందల ఏడు."

రాతి పెదాలు టక్కున ఆగాయి. ఎన్నాళ్ళకో కోటలో నిశ్శబ్దం. చిలుక నోరు తెరిచింది, మాట రాలేదు. ఎవరూ నేర్పనిది అదేం చెబుతుంది?

"ఒకటికి రావాలి! పది తర్వాత ఒకటే!" అని అరిచాడు మాంత్రికుడు. చప్పున వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయాడు. మడిచిన వేళ్ళు మడిచినట్టే రాయైపోయాయి. తర్వాత చేతులు, తర్వాత గొంతు. చివరికి గవ్వలు రెండూ రాలి కిందపడ్డాయి.

సూర్యుడు కాస్త పక్కకు వాలాడు. అందరికీ నీడలొచ్చాయి. అన్నలు తమ్ముణ్ణి వాటేసుకుని భోరుమన్నారు. హేమరేఖ పెదాలు మొదటిసారి కదిలాయి.

"పన్నెండ్లు పదహారువందల నలభైనాలుగు" అంది. "వాళ్ళు తిరుగుతుంటే, నేను రాతిలోనే మనసులో కలుపుకుంటూ ముందుకెళ్ళాను. నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి."

మీనకేతు ఆమెను పెళ్ళాడి చాలాకాలం చల్లగా ఏలాడు. చిలుక మాత్రం ఎటో ఎగిరిపోయింది. మిట్టమధ్యాహ్నం ఎవరైనా ఎక్కం చెప్పి పది దగ్గర ఆగితే, చూరు మీద ఏదో రెక్కలు సర్దుకున్న చప్పుడవుతుందట. అందుకని, ఏమర్రా, పదకొండోది కూడా చెప్పి లేవండి.