చిన్నాయనను ఎంతగా లెక్కవేయాలి

అనంతపురం ఇంజనీరింగ్ కళాశాలలో విద్యుత్తు పాఠాలు చెప్పే అశ్వత్థమ్మ గారికి, శిష్యుల ప్రశ్నలకు వెంటనే జవాబిచ్చే అలవాటు లేదు. ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న మహబూబ్ బాషా ఒకరోజు అడిగాడు: "మేడమ్, గాలిమరలు ఎప్పుడు తిరుగుతాయో ఎవరూ చెప్పలేరు. ఊళ్లకు కరెంటు తప్పకుండా అందుతుందా అని లెక్క కట్టేటప్పుడు, వాటిని సున్నా అనుకోవడమే క్షేమం కదా?"

"ఆదివారం మా మేనకోడలి పెళ్లి. వడ్డన నువ్వు చూసుకో," అన్నారామె.

వడ్డించేవాళ్ల కోసం బాషా పెళ్లి ఇంటివాళ్లను విచారించాడు. చెన్నకేశవులు చిన్నాయనను మాత్రం నమ్మొద్దని అందరూ చెప్పారు. ఆయన అశ్వత్థమ్మ గారి పినతండ్రి. గరిటె పట్టాడంటే ముగ్గురి పని ఒక్కడే చేస్తాడు. మేళం మంచి కీర్తన ఎత్తుకుందంటే మాత్రం గరిటె అక్కడే వదిలి, వెళ్లి తాళం వేస్తూ కూర్చుంటాడు. బాషా ఆయనను పక్కన పెట్టి, ఎన్నడూ మాట తప్పని పక్కూరి బంధువులను కుదుర్చుకున్నాడు.

మధ్యాహ్నం మగపెళ్లివారు ఆకుల ముందు కూర్చున్నారు. నమ్మకస్తులు రాలేదు. అందరూ ఒకే జీపులో బయలుదేరారట; అది దారిలో ఆగిపోయింది. అంతలో ఎవరూ పిలవకుండానే చిన్నాయన పంచె ఎగగట్టి, ఓళిగల, అంటే బొబ్బట్ల, బుట్ట చంకన పెట్టుకుని పంక్తిలోకి దిగాడు. "తినల్ల నాయనా, పెండ్లికొచ్చి సిగ్గుపడితే ఎట్ల?" అంటూ వరుసలన్నీ చుట్టేశాడు. పెళ్లికొడుకు తండ్రి వద్దు వద్దంటూనే ఇంకో ఓళిగ వేయించుకున్నాడు.

ఆ ఉత్సాహంలో బాషా, సాయంత్రం విందుకు చిన్నాయనను ముగ్గురి కింద లెక్కవేసి, ఆలస్యంగా చేరిన జీపువాళ్లలో ముగ్గురిని ఇంటికి పంపేశాడు. పంక్తి కూర్చుంది; మిగిలిన జీపువాళ్లు అన్నం వడ్డించుకుంటూ పోయారు. పందిట్లో నాదస్వరం ఒక కీర్తన హాయిగా అందుకుంది. చిన్నాయన మాయమయ్యాడు.

"ఏమప్పా, పప్పు ఇంకా ఉడకతా ఉందా?" అని ఒక పెద్దాయన ఉత్త అన్నం చూపించి అడిగాడు.

బాషా ప్యాంటు మడిచి తానే పప్పు బకెట్టు ఎత్తుకున్నాడు. అశ్వత్థమ్మ గారు కొంగు బిగించి నెయ్యి గిన్నె పట్టారు. ఇద్దరూ ఒకరినొకరు తప్పించుకుంటూ పరుగులు పెడుతుంటే పంక్తి అంతా నవ్వుల్లో మునిగింది. చివరికి చిన్నాయన తల ఊపుకుంటూ వచ్చి, బాషా చేతిలోని గరిటె లాక్కుని, మిగిలిన వరుసలు తానొక్కడే ముగించాడు.

గురుశిష్యులు ఆఖరి పంక్తిలో కూర్చున్నారు. బాషాకు కాళ్లు లాగుతున్నాయి గానీ ముఖం వెలిగిపోతోంది.

"చిన్నాయనకు సున్నా వేస్తే తప్పయింది, మూడు వేస్తే తప్పయింది. ఒకటిన్నర వేయమంటారా మేడమ్?"

"ఏ పూటకు?"

బాషా పందిరి వైపు చూశాడు. "అవును, మేళం ఉన్న పూట వేరు, లేని పూట వేరు."

"మరి జీపులో వచ్చినవాళ్లను?"

కలిపిన ముద్ద బాషా చేతిలోనే ఆగిపోయింది. మధ్యాహ్నం ఒక్కరూ అందిరాని వాళ్లను ఒక్కొక్కరినీ నిండు మనిషిగానే లెక్కవేసుకున్నానని అప్పుడు గుర్తొచ్చింది. తన గాలిమరల ప్రశ్న మనసులో మెదిలి ఉన్నట్టుండి నవ్వొచ్చింది.

అశ్వత్థమ్మ గారు తన ఆకులోని ఓళిగ అతని ఆకులో వేశారు. "తిను. రేపు పొద్దున్నే టిఫిన్లకు పెళ్లివారంతా మళ్లీ ఆకలితో వస్తారు. ఎవరు వడ్డించారని మాత్రం అడగరు."