పాలు తాగేముందు దూడ ఎందుకు కుమ్ముతుంది?

ఒకప్పుడు గేదెకు బురద అంటే గిట్టేది కాదు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. వంకలో నీళ్ళు తేటగా ఉంటేనే దిగేది. బయటికొచ్చి గడ్డిలో కాళ్ళు తుడుచుకునేది. దాని ఒళ్ళు నూనె రాసిన పెనంలా నిగనిగలాడుతుంటే ఆవులు కుళ్ళుకునేవి.

ఆ రోజుల్లో దూడలు కూడా ఇలా ఉండేవి కావు. తల్లి దగ్గరికి మెల్లగా వచ్చి, మూతి ఆనించి, చప్పుడు లేకుండా పాలు తాగేవి.

సుంకమ్మ అనే ముసలావిడకు ఒక గేదె ఉండేది. దాని పేరు కర్రి. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో కర్రి ఈనింది. నుదుట తెల్లమచ్చతో పెయ్యదూడ పుట్టింది. సుంకమ్మ దానికి చుక్కి అని పేరు పెట్టింది.

వానలు పడితే పచ్చిక వస్తుంది. పచ్చికతో పాటు పిలవని చుట్టాలూ వస్తారు, జోరీగలు. జోరీగ అంటే మన అన్నం మీద వాలే ఈగ కాదు. పశువుల్ని కుట్టి నెత్తురు తాగే పెద్ద ఈగ. ఎంత చెప్పినా చలించనివాళ్ళను చూసి 'దున్నపోతు మీద వాన కురిసినట్టు' అంటారు మనవాళ్ళు. వాన సంగతేమో గాని, జోరీగ కుడితే ఎంత మందం తోలైనా మండుతుంది పాపం.

కర్రి తోక ఊపింది. తోక అందినచోట ఈగ లేచింది, అందనిచోట వాలింది. తుమ్మచెట్టుకేసి ఒళ్ళు రాసుకుంది. దురద తగ్గలేదు సరికదా, పుండ్లు పడ్డాయి. ఆ పుండ్ల మీద మళ్ళీ ఈగలు.

అన్నిటికన్నా మెత్తని చోటు పొదుగు. జోరీగలు అక్కడే ఎక్కువ కుట్టాయి. ఒక పొద్దున చుక్కి పాలకోసం వచ్చి మెల్లగా మూతి ఆనించింది. జోరీగే అనుకుని కర్రి కాలు విసిరింది. చుక్కి ఎగిరి అంత దూరాన పడింది.

కర్రి వెనక్కి తిరిగి చూసింది. "అయ్యో, నువ్వా తల్లీ" అని కన్నీళ్ళు పెట్టుకుంది.

చుక్కికి భయం పట్టుకుంది. మరుసటి పూట ఇంకా మెల్లగా వచ్చింది, ఇంకా మెత్తగా తాకింది. అదే దాని కొంప ముంచింది. అంత మెత్తగా వాలేది జోరీగే కదా. మళ్ళీ తన్ను పడింది. తన్ను పడేకొద్దీ భయం, భయం పెరిగేకొద్దీ మెత్తదనం, మెత్తగా తాకేకొద్దీ తన్ను.

నాలుగు రోజులకు చుక్కి డొక్కలు లోపలికి పోయాయి. సుంకమ్మ పాలు పిండి వెదురుగొట్టంతో పోసింది. సగం నేలపాలు, సగం దగ్గుపాలు. ఇలాగైతే పిల్ల దక్కదని కర్రికి తెలిసిపోయింది.

కర్రి జోరీగనే అడిగింది. "నాకు చంటిపిల్ల ఉంది. దానికి పాలివ్వనియ్యవా?"

"నాకూ గుడ్లున్నాయి అక్కా" అంది జోరీగ. "చుక్క నెత్తురు తాగకపోతే అవి నిలవవు. మా మగవాళ్ళు పూలలో తేనె తాగి బతికేస్తారు. నాకు ఆ యోగం లేదు. నీ ఒళ్ళు ఇంత శుభ్రంగా, నున్నగా ఉంటే నేనింకెక్కడికి పోను?"

కర్రి ఎత్తిన తోక దించేసింది. తనూ తల్లే, అదీ తల్లే. ఎవరిని తిట్టాలి?

మర్నాడు సుంకమ్మ పుండ్లు చూసి కర్రిని వంకకు తోలుకుపోయింది. "గోకొద్దు కర్రీ. గోకేకొద్దీ పుండు పెద్దదయితాది" అంటూ చల్లటి నీళ్ళతో ఒళ్ళంతా కడిగింది. తర్వాత దోసిలినిండా నల్లటి ఒండ్రుమట్టి తీసింది.

కర్రి వెనక్కి జరిగింది. "బురదా? ఆవులు చూస్తే నవ్వవా?"

"నవ్వితే నవ్వనీలే. నీ నిగనిగ నీ బిడ్డ కడుపు నింపుతాదా?"

కర్రి తల దించుకుంది. మెల్లగా బురదలోకి దిగింది.

బురద దానితో మంచిగా మాట్లాడింది. "నీ మంట నాకియ్యి. నాకు చలవ ఎక్కువే ఉంది" అంది. కాసేపటికి కర్రి కళ్ళు అరమోడ్పులయ్యాయి. జోరీగ వచ్చి చుట్టూ తిరిగింది. ఎక్కడ వాలినా మట్టి. దాని నోరు లోపలికి దిగలేదు.

కష్టం తీరిపోయిందనుకున్నారు కదా? తీరలేదు. బురద పొదుగుతో చుక్కి పాలెట్లా తాగుతుంది? సుంకమ్మ పొదుగు శుభ్రంగా కడిగింది. కడిగిన పొదుగంటే జోరీగకు పరిచిన విస్తరే. అందుకే కర్రి కాలు ఇంకా అదురుతూనే ఉంది. చుక్కి వణుకుతూ వచ్చి మూతి అలా ఆనించిందో లేదో, కాలు లేచింది. వెంట్రుకవాసిలో తప్పింది.

సుంకమ్మ నిట్టూర్చి చెంబు తీసుకుని పాలు పిండడానికి కూర్చుంది. కూర్చోగానే తన నుదురు కర్రి డొక్కకు గట్టిగా ఆనించింది. "నేనేనే కర్రీ" అంది. కర్రి కదలకుండా నిలబడి పాలు చేపి, ధారగా వదిలింది.

చుక్కి పక్కన కూలబడి చూసింది. "అవ్వా, నిన్నెందుకు తన్నదు?" అని అడిగింది.

"నేనూ తన్నులు తిన్నదాన్నేలే. మోకాలు ఇంత లావున వాచింది. అప్పుడు తెలిసొచ్చింది నాకు. మెత్తగా తాకేది ఈగ. సొంతమనిషి గట్టిగా తాకాల."

చుక్కి తల్లి కాలికేసి చూసింది. ఇంకొక్క తన్ను పడితే తను లేవదు. అయినా ఆకలి ఊరుకోనిస్తుందా? నాలుగు కాళ్ళూ కూడదీసుకుని లేచింది. తల్లి దగ్గరికి వెళ్ళింది. కళ్ళు మూసుకుని, తెల్లమచ్చ ఉన్న ఆ చిన్న నుదుటితో, ఉన్న బలమంతా పెట్టి పొదుగును ఒక్క కుమ్ము కుమ్మింది.

కర్రి కాలు లేచింది. లేచి గాలిలోనే ఆగింది.

"ఈగకు ఇంత బలం ఎక్కడిది?" అనుకుంది కర్రి. "ఇది నా బిడ్డే."

కాలు నెమ్మదిగా నేల మీద పెట్టింది. పొదుగు నిండుగా చేపింది. చుక్కి తాగింది, తాగింది, మూతినిండా నురగ కారేదాకా తాగింది. ఎక్కడో చెవి వెనక బురద అంటని చోట జోరీగ కూడా తన చుక్క తాను తాగి పోయింది. కర్రి చెవి విదిలించి ఊరుకుంది.

అప్పటినుంచే గేదెలు బురద కనిపిస్తే చాలు, దిగి పడుకుంటున్నాయి. అప్పటినుంచే దూడలు పాలు తాగేముందు తల్లి పొదుగును తలతో కుమ్ముతున్నాయి. చూసినవాళ్ళు, ఎంత మొరటు దూడో, తల్లికి నొప్పి కాదా అంటారు.

తల్లికి మాత్రం ఆ కుమ్ము ఒక్కటే మాటగా వినిపిస్తుంది. "అమ్మా, నేనే."